తోడేలు లేని దీవిలో మంద కుక్క

అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాట కొత్తేమీ కాదు. 2011 జనగణన ప్రకారం అక్కడి జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. ఉత్తరాంధ్ర నుంచి సముద్రం దాటి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సొంత ఊళ్లో ఉన్నవన్నీ దాదాపుగా అక్కడ మళ్లీ ఏర్పడ్డాయి: గుడి, చేపల బజారు, పెరట్లో కోళ్లు, కొట్టంలో మేకలు. ఒక్కటి మాత్రం సముద్రం దాటలేదు. తెలుగు నేల మీద ఏ దారిన పోయినా ఎదురయ్యే గొర్రెల మంద, దాని వెంట నడిచే కుక్క ఆ దీవుల్లో కనిపించవు.

దక్షిణ అండమాన్‌లో శ్రీవిజయపురం (నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్) పక్కనే గరాచర్మ ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉన్నది ఇక్కడే. 1978లో ఏర్పడిన ఈ సంస్థ పంటలతో పాటు ద్వీపాల పశుసంపద మీద కూడా పనిచేస్తోంది. ఆ పశుసంపదలో మేకలున్నాయి, పందులున్నాయి, బాతులున్నాయి. అండమానీ మేక, నికోబార్ దీవుల్లోని టెరెస్సా మేక దేశీయ జాతులుగా నమోదయ్యాయి కూడా. గొర్రెకు మాత్రం ఈ జాబితాలో చోటు లేదు.

కారణం వాన. ఈ దీవుల్లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. మే నెలలో మొదలైతే డిసెంబరు దాకా నేల ఆరదు. జీవాల కడుపులో చేరి రక్తం పీల్చే నట్టల పిల్లలు తడి గడ్డిని పట్టుకుని పైకి పాకుతాయి. అయితే అవి ఎంతో ఎత్తు ఎక్కలేవు, చాలావరకు గడ్డి మొదట్లోనే ఉండిపోతాయి. గొర్రె మేసేది సరిగ్గా ఆ ఎత్తులోనే. మేక మూతి పైకి చూస్తుంది. పొదల చిగుళ్లు, చెట్ల కొమ్మలు దానికి ఇష్టం. కొమ్మలు మేసినంతకాలం మేకకు నట్టలు తక్కువ, గడ్డి కొరికే గొర్రెకు ఎక్కువ. దీనికి తోడు తడిసిన నేల మీద గిట్టల సందులు మెత్తబడి కుళ్లుతాయి. భూభాగంలో 80 శాతానికి పైగా అడవే కాబట్టి మంద తిరిగేంత బీడు కూడా లేదు. గొర్రె లేకపోవడానికి ఇంతకంటే కారణాలు అక్కర్లేదు.

మరి మేకల వెంట కుక్క ఎందుకు లేదు? దీనికి జవాబు వానలో దొరకదు. తోడేలు, చిరుత, నక్క, దుమ్ములగొండి వీటిలో ఏదీ అండమాన్ అడవుల్లో పుట్టిన జంతువు కాదు. అక్కడి స్థానిక మాంసాహార క్షీరదాల్లో చెప్పుకోదగ్గది పునుగుపిల్లి జాతి జంతువొకటి. వాగుల్లో, మడ అడవుల్లో ఉప్పునీటి మొసలి ఉంది కానీ దాని నుంచి మందను కుక్క కాపాడలేదు, దానికే కుక్క ఆహారం అవుతుంది. అగ్నిపర్వతం ఉన్న బారెన్ ద్వీపంలో 19వ శతాబ్దం చివర్లో ఓడలవాళ్లు వదిలేశారని చెప్పే మేకల సంతతి కాపరి, కొట్టం, కుక్క ఏదీ లేకుండానే తరాల తరబడి బతికింది. బ్రిటిష్‌వాళ్లు తెచ్చి వదిలిన చుక్కల జింకలు, వేటాడే జంతువు లేక, దీవి నుంచి దీవికి ఈదుతూ అడవినే మేసేసే స్థితికి వచ్చాయి.

మంద వెంట నడిచే కుక్క ఏం పని చేస్తుందో తెలియాలంటే ముందు ఆ నేల మీద మందకు ఎవరి వల్ల ప్రమాదమో చూడాలి. అందుకు గరాచర్మ నుంచి తెలుగు మెట్ట ప్రాంతానికి రావాలి.

దొడ్డిలో తెల్లవారితే

2019 పశుగణనలో దేశంలోని గొర్రెలు 7.4 కోట్లు. వాటిలో 1.91 కోట్లు తెలంగాణలో, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. అంటే దేశంలో ఉన్న ప్రతి రెండు గొర్రెల్లో ఒకటి తెలుగువాళ్లదే. సంగారెడ్డి, మహబూబ్‌నగర్ వైపు నల్లటి ఉన్ని ఉండే దక్కనీ గొర్రెలు, ఆ ఉన్నితో నేసిన గొంగడి భుజాన వేసుకునే కురుమలు. కోస్తా, రాయలసీమ వైపు ఉన్ని లేని, పొడుగు కాళ్ల నెల్లూరు గొర్రెలు, వాటి వెంట గొల్లలు. మందలో యాభై నుంచి నూరు జీవాలుంటే చిన్న కాపరి కుటుంబం కిందే లెక్క.

అలాంటి మందలో రోజు తెల్లవారుజామునే మొదలైనా మేత మాత్రం ఆలస్యంగా మొదలవుతుంది. ఈ ఆలస్యం బద్ధకం కాదు. మంచు ఆరని గడ్డి మీద నట్టల పిల్లలు మొలక చివరల దాకా ఉంటాయి. ఎండ తగిలాక అవి కిందికి, తేమలోకి దిగిపోతాయి. పొద్దెక్కాక మందను వదలమని పశువైద్యులు చెప్పే మాటకు మూలం ఇదే. ఆ కాసేపట్లో తల్లుల దగ్గర పిల్లలను వదులుతారు. ఈనిన గొర్రె తన పిల్లను వాసనతో గుర్తుపడుతుంది. పుట్టిన కొద్ది గంటల్లోనే ఆ గుర్తు స్థిరపడిపోతుంది, ఆ తరవాత పక్క పిల్ల పొదుగు దగ్గరికొస్తే తల్లి తన్నేస్తుంది. పాలు తాగిన పిల్లలను గంప కిందో చిన్న కంచెలోనో ఉంచి, కుంటుతున్నవి, ముక్కు కారుతున్నవి, మేతకు లేవనివి ఏవో చూసుకుంటారు. పారుడు రోగం, చిటుక రోగం, బొబ్బ రోగం మూడింటికీ టీకాలున్నాయి. వేయించామా లేదా అన్నది వానాకాలం వచ్చాక గుర్తుచేసుకుంటే ఆలస్యమే.

ఈ సమయంలో కుక్క ఏం చేస్తుంది? పడుకుంటుంది. రాత్రంతా మేలుకున్నది అదే కదా.

మంద కదిలాక చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. విదేశీ సినిమాల్లో కుక్క అటూ ఇటూ పరుగెత్తి గొర్రెలను ఒకచోటికి చేరుస్తుంది, గేటులోకి తోలుతుంది. దక్కన్‌లో ఆ పని మనిషిదే. కాపరి నోటితో చేసే రకరకాల శబ్దాలకు, ఈలకు, విసిరిన మట్టిగడ్డకు మంద తిరుగుతుంది. మెడలో గంట కట్టిన జీవం ముందు నడిస్తే మిగతావి వెంట పడతాయి. గొర్రెల మందలో నాలుగైదు మేకలను కలిపి ఉంచడం వెనక కూడా ఇదే తెలివి ఉంది. మేక చొరవగా ముందడుగు వేస్తుంది, గొర్రె దాన్ని అనుసరిస్తుంది. పైరు పక్కన సన్నటి గట్టు మీదుగా ఎనభై గొర్రెలను ఒక్క మొక్క ముట్టనివ్వకుండా దాటించడం చూసినవాళ్లకు ఇక్కడ తోలే కుక్క అవసరం ఎందుకు రాలేదో వేరే చెప్పక్కర్లేదు. కుక్క మంద వెనకో పక్కనో, గొర్రెలను పట్టించుకోనట్టే నడుస్తుంది.

మధ్యాహ్నం ఎండ ముదిరితే గొర్రెలు గుండ్రంగా ముద్దకట్టి ఒకదాని పొట్ట కింద ఇంకొకటి తల పెట్టి నిలబడతాయి. తలకు నీడ దొరుకుతుంది. ముక్కురంధ్రాల్లో తన పిల్లలను వదిలే ఒక రకం ఈగ నుంచి కూడా ఆ భంగిమ వాటిని కాపాడుతుంది. తుమ్మ చెట్టు కింద నెమరు సాగుతుంది. కుక్కకు జొన్న రొట్టె, మజ్జిగ, కాపరి సద్దిలో మిగిలినదీ ఆహారం. సాయంత్రం చెరువులో నీళ్లు తాగించి తిరుగు ముఖం పడతారు. దోమలకంటే చిన్నవైన కొన్ని ఈగలు పొద్దు గూకే వేళ చురుగ్గా ఉంటాయి. నీలి నాలుక వ్యాధి వైరస్‌ను మోసేది అవే. ఈ వ్యాధి వానల తరవాతి నెలల్లో తెలుగు జిల్లాల మందలను పదేపదే దెబ్బతీసింది. దొడ్డి దగ్గర వేపాకు పొగ పెట్టడానికి కారణం ఇదే. ఇప్పుడు టీకా కూడా వచ్చింది.

కోత అయ్యాక రైతులు తమ పొలాల్లో మంద పెట్టించుకుంటారు. ఒక రాత్రి మంద పడుకున్న మడికి పెంటికలు, మూత్రం రెండూ నేరుగా అందుతాయి. మూత్రంలోని నత్రజని ఎండలో ఆవిరయ్యేలోపు దున్నేస్తే పైరుకు పనికొస్తుంది. కాపరికి ధాన్యమో డబ్బో ముడుతుంది. చుట్టూ వల కట్టి, గొంగడి కప్పుకుని కాపరి నిద్రపోతాడు. కుక్క పని అప్పుడు మొదలవుతుంది.

దక్కన్ బీడు భూముల్లో తోడేలు ఉంది. దేశం మొత్తంలో వీటి సంఖ్య మూడు వేల దగ్గర ఉంటుందని అంచనా. వన్యప్రాణి రక్షణ చట్టం కింద అత్యున్నత రక్షణ ఉన్న జంతువు, చంపితే నేరం. అడవి పందులు, దుప్పులు ఉండే దట్టమైన అడవి దీనికి అక్కర్లేదు. గడ్డి నేల చాలు. ఆ గడ్డి నేల సోలార్ ప్లాంట్లకు, లే అవుట్లకు పోతున్నకొద్దీ కృష్ణజింక తగ్గి, తోడేలు కడుపు గొర్రెపిల్లల మీదే ఎక్కువగా ఆధారపడుతోంది. చీకట్లో అది మంద చుట్టూ తిరుగుతూ వలలో సందు కోసం చూస్తుంది. కుక్క దానితో పోరాడి గెలవనక్కర్లేదు. వాసన పట్టి మొరిగితే చాలు, కాపరి లేస్తాడు, టార్చి వెలుగుతుంది. అప్పుడు తోడేలు వెనుదిరుగుతుంది, ఎందుకంటే గాయపడిన వేటజంతువుకు మరుసటి రోజు తిండి దొరకదు. మంద దక్కుతుంది, తోడేలూ బతుకుతుంది. విషం పెట్టిన కళేబరం కంటే మొరిగే కుక్క రెండు పక్షాలకూ మేలు చేస్తుందని వన్యప్రాణి శాస్త్రవేత్తలు అనడం అందుకే. నమీబియాలో చీతాల సంరక్షణ కోసం పనిచేసే ఒక సంస్థ 1994 నుంచి పశుపోషకులకు టర్కీ జాతి కాపలా కుక్కలను పెంచి ఇస్తోంది. మందలో నష్టం తగ్గితే రైతు తుపాకీ తీయడని వారి లెక్క.

వేటలో సగం

కాపలా కాసే కుక్క, మందను మళ్లించే కుక్క. రెండూ ఒకే జాతి ప్రాణి, రెంటికీ పూర్వీకుడు తోడేలే. అయినా ఒకదాని పని ఇంకొకటి చేయలేదు. అమెరికాలో రేమండ్ కాపింజర్, లోర్నా కాపింజర్ దంపతులు 1970లలో కాపలా కుక్కల మీద మొదలుపెట్టిన పరిశోధన ఈ తేడాను బాగా విడమరిచింది.

తోడేలు వేట ఒక వరుసలో సాగుతుంది. ముందు గమనిస్తుంది, కన్నార్పకుండా చూస్తుంది, నక్కి నక్కి దగ్గరికి వస్తుంది, తరుముతుంది, కరిచి పట్టుకుంటుంది, చంపుతుంది, చీల్చి తింటుంది. బ్రిటన్‌లో పుట్టిన బోర్డర్ కోలీ కుక్కలో ఈ వరుస మొదటి భాగం అలాగే ఉంది, పైగా ఇంకా పదునెక్కింది. తల దించి, కళ్లు నిలిపి, నక్కుతూ వచ్చే ఆ కుక్కను గొర్రె వేటగాడిగానే చూస్తుంది. వరుసలో కరిచే మెట్టు దగ్గర మాత్రం పెంపకందారులు తరతరాలుగా ఎంపిక చేసి కోత పెట్టారు. బోర్డర్ కోలీ చేసేది సగంలో ఆగిన వేట. 1893లో ఇంగ్లాండు ఉత్తర ప్రాంతంలో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే కుక్క ఈ జాతికి మూలపురుషుడని లెక్క. అప్పటికే బ్రిటన్‌లో తోడేళ్లు అంతరించి తరాలు గడిచాయి. రాత్రి కాపలా అవసరం పోయింది. కొండల మీద కంచె లేకుండా వదిలిన గొర్రెలను కిందికి దించడమే పెద్ద పని అయింది. కుక్క పని మారింది, దానితో కుక్కే మారింది.

కాపలా కుక్కలో ఈ వేట వరుస మొత్తం మందగించి ఉంటుంది. గొర్రె పరుగెత్తినా దానికి తరమాలనిపించదు. అందుకే మంద దాన్ని చూసి బెదరదు, పక్కనే పడుకుంటుంది. పొరపాటున మళ్లించే రకం కుక్కను రాత్రి మందలో వదిలితే గొర్రెలు తెల్లవార్లూ నిలబడే ఉంటాయి.

ఇక మందను మళ్లించడం వెనక గొర్రె బుద్ధి కూడా ఉంది. ప్రమాదం కనిపిస్తే ప్రతి గొర్రె తనకూ వేటజంతువుకూ మధ్య ఇంకో గొర్రె ఉండేలా చూసుకుంటుందని, గుంపు అలా బిగుసుకుంటుందని బ్రిటిష్ జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ 1971లో ప్రతిపాదించారు. ఊహ బాగుంది, రుజువు ఎలా? 2012లో ఆండ్రూ కింగ్ బృందం గొర్రెలకూ ఒక కుక్కకూ జీపీఎస్ పరికరాలు కట్టి క్షణక్షణం వాటి స్థానాలు నమోదు చేసింది. కుక్క దగ్గరపడగానే గొర్రెలు దాని నుంచి దూరంగా చెదిరిపోవడం కంటే, బలంగా మంద నడుమకు దూసుకెళ్లాయి. మరో రెండేళ్లకు ఇదే పరిశోధనలో భాగస్వాములైనవారు కుక్క వైపు లెక్క కూడా తేల్చారు. దానికి రెండు సూత్రాలు చాలట. మంద చెదిరి ఉంటే అంచున ఉన్నవాటిని లోపలికి నెట్టడం, బిగిసి ఉంటే వెనక నుంచి తోలడం. కుక్క వెనక అటూ ఇటూ ఊగుతూ నడిచేది ఈ రెండింటి మధ్య మారుతూ ఉండటం వల్లే. దక్కన్ కాపరి కర్ర పట్టుకుని మంద వెనక వంకరటింకరగా నడవడం గమనించినవాళ్లకు ఈ లెక్క కొత్తగా అనిపించదు.

తెలుగు నేలకు కూడా ఒక మళ్లించే కుక్క ఉంది, పేరు జోనంగి. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మొరుగుడు తక్కువ. కొల్లేరు చుట్టుపక్కల బాతులు పెంచేవారు వీటితో బాతుల గుంపులను పొలాల మీదికి, నీళ్లలోకి మళ్లించేవారు. బాతుల స్థానంలో చేపల చెరువులు వచ్చాక ఆ పని పోయింది. పని పోయిన కుక్కలు వీధిన పడ్డాయి, జాతి పలచబడింది. ఇప్పుడు ఆసక్తి ఉన్న కొద్దిమంది పెంచుతున్నారు. హిమాలయాల్లో గద్దీ, బకర్వాల్ కాపరుల కుక్కలది వేరే కథ. అక్కడ చిరుత, ఎలుగుబంటి ఇంకా ఉన్నాయి కాబట్టి, మెడకు ఇనుప ముళ్ల పట్టీ కట్టుకుని అవి ఇప్పటికీ కొలువులోనే ఉన్నాయి.

కళ్లు తెరిచిన కొద్ది వారాలు

కాపలా కుక్కకు మంచి జాతి ఒక్కటే చాలదు. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఒక సున్నితమైన దశ ఉంటుంది. ఆ రోజుల్లో దగ్గరగా చూసినవారినే అది తనవారిగా ఎంచుకుంటుంది. ఆ తరవాత ఎంత నేర్పినా ఆ బంధం అంత గట్టిగా పడదు. అమెరికాలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఏళ్ల తరబడి చేసి 1965లో పుస్తకంగా తెచ్చిన ప్రయోగాలు దీన్ని స్థిరపరిచాయి.

కాపరులకు ఇది అంతకు ఎంతో ముందే తెలుసు. 1830లలో దక్షిణ అమెరికా పచ్చిక మైదానాల్లో తిరిగిన చార్లెస్ డార్విన్, అక్కడి కాపరులు కుక్కపిల్లను చాలా చిన్నప్పుడే తల్లి నుంచి వేరుచేసి, రోజుకు మూడు నాలుగుసార్లు గొర్రె పాలు తాగించి, ఉన్నితో చేసిన గూట్లో గొర్రెల మధ్యే పెంచడం చూసి రాసుకున్నారు. అలా పెరిగిన కుక్క మనిషి తోడు లేకుండానే మందను మైళ్ల దూరం కాచేదట. మన కాపరులు ఇంత పద్ధతిగా చేయకపోయినా, దొడ్డి మూల ఈనిన కుక్క పిల్లలు గొర్రెపిల్లల మధ్యే దొర్లుతూ పెరుగుతాయి. ఫలితం అదే. పట్నం నుంచి ఆరు నెలల వయసులో కొని తెచ్చిన ఖరీదైన కుక్క ఎందుకు గొర్రెపిల్లను తరుముతుందో, దొడ్డిలో పుట్టిన నాటు కుక్క ఎందుకు దాని పక్కన పడుకుంటుందో ఇక్కడ అర్థమవుతుంది. కాబట్టి చిన్న మంద ఉన్నవారు జాతి పేరు వెతుక్కోవడం కంటే దొడ్డిలో పుట్టిన పిల్లను ఎంచుకోవడం మేలు.

కుక్క కడుపులోని బద్దెపురుగు

కాపాడే కుక్కే మందకు ఒక జబ్బును అంటించగలదు. చాలా దొడ్లలో అది జరుగుతూనే ఉంది.

మందలో ఒక పొట్టేలు తల ఒక పక్కకు వాల్చి, ఒకే దిక్కుగా గుండ్రంగా తిరుగుతుంది. కొన్ని రోజులకు గోడకు తల ఆనించి నిలబడిపోతుంది, చూపు పోతుంది, మేత మానేసి పడిపోతుంది. గాలి సోకిందని అనుకునేవారు ఉన్నారు. పుర్రె తెరిచి చూస్తే మెదడులో నీటి తిత్తి కనిపిస్తుంది, కొన్నిసార్లు కోడిగుడ్డంత. ఆ తిత్తి ఒక బద్దెపురుగు పిల్లదశ. పెద్ద పురుగు ఉండేది కుక్క పేగులో. కుక్క మలంతో దాని గుడ్లు గడ్డి మీద పడతాయి, గొర్రె ఆ గడ్డి మేస్తుంది, గుడ్డు నుంచి వచ్చిన పిల్ల నెత్తురులో ప్రయాణించి మెదడు చేరుతుంది. జబ్బు బయటపడటానికి నెలలు పడుతుంది కాబట్టి కుక్కనెవరూ అనుమానించరు. చచ్చిన గొర్రె తలను కాపరి ఏం చేస్తాడు? వృథా ఎందుకని కుక్కకే వేస్తాడు. తిత్తిలోని పిల్లలన్నీ మళ్లీ కుక్క పేగులో పురుగులవుతాయి. చక్రం పూర్తయింది.

దీనికి దాయాది పురుగు ఇంకొకటి మనిషిని కూడా వదలదు. పొడవు కొన్ని మిల్లీమీటర్లే కానీ, దాని తిత్తులు గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, అలాగే మనిషి కాలేయంలో కూడా పెరుగుతాయి. కుక్కను నిమిరిన చేత్తో అన్నం తినే పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ. ఆపరేషన్ దాకా పోయే జబ్బు ఇది.

చక్రాన్ని తెంచడం కష్టమేమీ కాదు. చచ్చిన జీవం తల, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా కుక్కకు వేయకూడదు. కాల్చేయాలి, లేదా కుక్క తవ్వలేనంత లోతున పూడ్చాలి, అదీ కాకపోతే బాగా ఉడికించి వేయాలి. గొర్రెలకు నట్టల మందు తాగించే రోజునే కుక్కకు కూడా పశువైద్యుడు చెప్పిన మోతాదులో ప్రాజిక్వాంటెల్ మాత్ర వేయాలి. ఆ మాత్ర ఖరీదు ఒక గొర్రెపిల్ల విలువలో ఎన్నో వంతు కూడా ఉండదు. తెలుగు జిల్లాల్లో గొర్రెలకు ప్రభుత్వమే ఉచితంగా మందు తాగించే శిబిరాలు జరుగుతాయి. మంద వెంట వచ్చిన కుక్క మాత్రం ఆ శిబిరం బయట చెట్టు కింద కూర్చుని ఉంటుంది.

ఐస్‌లాండ్‌లో ఒకప్పుడు ఈ తిత్తుల జబ్బు ప్రపంచంలోనే చాలా తీవ్రంగా ఉండేది. గొర్రెలూ కుక్కలూ మనుషులూ ఒకే కప్పు కింద బతికిన దేశం మరి. 1860లలో హెరాల్డ్ క్రాబే అనే డెన్మార్క్ శాస్త్రవేత్త జబ్బు తీరును వివరిస్తూ రాసిన చిన్న పుస్తకాన్ని ఇంటింటికీ ఉచితంగా పంచారు. చలికాలం రాత్రుళ్లు చదవడం అలవాటున్న జనం దాన్ని చదివారు. పచ్చి అవయవాలు కుక్కలకు వేయడం మానేశారు. మందులు సరిగా లేని రోజుల్లోనే జబ్బు తగ్గుతూ వచ్చి, తరవాతి తరాల్లో ఆ దీవి నుంచి మాయమైంది.

మళ్లీ గరాచర్మలో

అండమాన్‌కు కుక్క ఆలస్యంగా వచ్చింది. 1858లో బ్రిటిష్‌వారు శిక్షాస్థావరం పెట్టేదాకా అక్కడి ఆదివాసులకు కుక్క తెలియదు. వచ్చాక మాత్రం ఓంగే వంటి తెగలు దాన్ని త్వరగానే తమదిగా చేసుకుని అడవి పందుల వేటకు వాడుకున్నాయి. కాపాడటానికి మంద లేదు, వేటాడటానికి పంది ఉంది. కుక్కకు ఆ నేల ఇచ్చిన పని అది.

ఇప్పుడు ఆ దీవుల్లో వేటకూ కాపలాకూ చెందని కుక్కలే ఎక్కువ. వీధుల్లో, సముద్రపు ఒడ్డున గుంపులుగా తిరిగేవి. సముద్ర తాబేళ్లు ఇసుకలో పెట్టిన గుడ్లను ఇవి తవ్వి తింటాయి. మేకపిల్లకు అండమాన్‌లో తోడేలు లేని లోటును ఈ గుంపులే తీరుస్తున్నాయి. తెలుగు పల్లెల్లో కూడా రాత్రి వీధికుక్కలు దొడ్డిలో పడి పదుల కొద్దీ గొర్రెలను కొరికి చంపిన వార్తలు తరచూ వస్తుంటాయి. తినేది ఒకటో రెండో, చంపేది ఇరవై. కంచెలో ఇరుక్కుని పారిపోలేని గొర్రెలు కళ్లముందు అటూ ఇటూ పరుగెత్తుతుంటే కుక్కలో వేట వరుస మళ్లీ మళ్లీ మొదలవుతుంది, కడుపు నిండినా ఆగదు.

కుక్కల నుంచి కాపాడటానికి ఇంకో కుక్కను తెస్తే? ఇక్కడే అండమాన్‌కు ఒక ప్రత్యేకత అడ్డొస్తుంది. దేశమంతటా ఉన్న రేబిస్ వ్యాధి అండమాన్ నికోబార్‌లోనూ లక్షద్వీప్‌లోనూ లేదు. సముద్రం కాపాడిన వరం ఇది. రేబిస్ సోకిన కుక్కలో లక్షణాలు కనపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఓడ దిగిన రోజున ఆరోగ్యంగా తోక ఊపిన కుక్క రెండు నెలల తరవాత ఏం చేస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే టీకా, ధ్రువపత్రం, నిఘా లేకుండా ప్రధాన భూభాగం నుంచి ఒక్క కుక్క దిగినా అది ఆ ఒక్క మందకు సంబంధించిన విషయంగా మిగలదు.

నాలుగైదు మేకలున్న ద్వీప కుటుంబానికి చౌకైన కాపలా ఇంకోటి ఉంది. నేలకు మూడు నాలుగు అడుగుల ఎత్తున, చెక్క పలకల మధ్య సన్నని సందులు వదిలి కట్టిన కొట్టం. పెంటికలు, మూత్రం కిందికి జారిపోతాయి, గిట్టలు పొడిగా ఉంటాయి, నట్టల గుడ్లు మేత దాకా రావు, గుంపు కుక్కలకు మూతి అందదు. సాయంత్రం వాన మొదలయ్యేలోపు మేకలు తమంతట తామే ఆ వాలు పలక ఎక్కి లోపలికి పోతాయి. ఇంటివాళ్లు చేయాల్సింది తలుపు గడియ వేయడం.